జూనిపర్ వాగు అవతల కాలని చెట్లు

ఉరి తీయడానికి కొమ్మ దొరకలేదు.

అలెస్టన్ కౌంటీలో పైను చెట్టుకు నలభై అడుగుల ఎత్తు వరకు కొమ్మే ఉండదు. అందుకని నాలుగు దారుల కూడలిలో, మిల్స్ కొట్టు ఎదుట, రెండు స్తంభాలు పాతి పైన అడ్డదూలం బిగిస్తున్నారు. గంట నుంచీ సుత్తి మోత ఆగలేదు. ఎనాక్ ఇంకా ఊపిరి పీలుస్తున్నాడంటే అది ఆ దూలం చలవే. పొద్దు వాలేలోగా పని ముగిసి తీరాలని, యుద్ధానికి కుర్రాళ్ళ దళం కడుతున్న కెప్టెన్ లియాండర్ మ్యూజ్ హుకుం.

సోమవారం తెల్లవారుజామున పడమటి గాలికి అడవిలో లేచిన మంట ఎవరిట్ రేవును ఎలా మింగేసిందో పోయినవారం చూశాం. టర్పెంటైన్ బట్టీ, పీపాల కొట్టం, ఒడ్డున కట్టి ఉన్న తెప్పలు, అన్నీ ఒక్క పూటలో బూడిదయ్యాయి. కౌంటీ మొత్తానికి అదొక్కటే బట్టీ, అదొక్కటే రేవు. అడవిలో గంటు పెట్టిన ప్రతి చెట్టు బంకా అక్కడికే చేరాలి, కాగి నూనె కావాలి, తెప్పెక్కి నది వెంట సముద్రానికి దిగాలి. ఆ బట్టీ నడిపే బానిస ఎనాక్. మంట వచ్చిన వేళ వాగు గట్టున, చేతిలో కాగడాతో కనిపించాడు. "ఎదురుమంట పెడుతున్నాను" అన్నాడు. నిజమే. అడవి మనిషి ఎవరైనా అదే చేస్తాడు. వచ్చే మంటకు ఎదురుగా ఓ పట్టీ మేర నేల ముందే తగలబెట్టేస్తే దానికి తినడానికి ఏమీ మిగలదు, అక్కడికక్కడే చస్తుంది. కానీ క్రిస్మస్ ముందే దక్షిణ కరొలైనా దేశం నుంచి విడిపోయింది. జార్జియా కూడా విడిపోయిందన్న వార్త ఈ వారమే వచ్చింది. అలాంటి రోజుల్లో నల్లవాడి చేతిలో కాగడాకు తెల్లవాళ్ళ కళ్ళలో ఒకటే అర్థం, తిరుగుబాటు.

ఎనాక్ అక్క ఫెరిబీ. తప్పిపోయిన పందులను వెతుక్కుంటూ కాలిన అడవి దాటి జూనిపర్ వాగు అవతలికి వెళ్ళి, అక్కడ చూసినదానికి కొయ్యబారి నిలబడిపోయిన దగ్గర కథ ఆగింది.

ఇప్పుడామె వచ్చిన దారినే పరుగెత్తి కూడలి చేరింది. రొప్పుతోంది. పాదాలు, పావడా అంచు మసిగొట్టుకుపోయాయి.

దారి మధ్యలో పాతికమంది కుర్రకారు వేటతుపాకులు భుజాన వేసుకుని కవాతు నేర్చుకుంటున్నారు. తుపాకీ లేనివాళ్ళు దంతె కర్రలు పట్టుకున్నారు. ఆమెను చూసి ఒకడు వరస తప్పాడు.

"ఏమేవ్, తమ్ముడికి కొత్త చొక్కా తెచ్చావా? మెడ దగ్గర వదులుగా ఉండాలి, చూసుకో!"

నవ్వులు. ఫెరిబీ తల తిప్పలేదు. కొట్టు అరుగు మీద, కుర్చీలో, స్క్వైర్ హోసియా కిట్రెల్ కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా కౌంటీ మేజిస్ట్రేటు. నిన్న ఊరి పెద్దల కమిటీలో "ఒక్క రోజు ఆగుదాం, విచారిద్దాం" అన్నది ఆయనొక్కడే. మిగిలిన పదకొండుమందీ అప్పటికప్పుడే తాడు తెమ్మన్నవాళ్ళు.

"దొరగారూ, ఒక్క మాట."

"చెప్పవే ఫెరిబీ. తమ్ముడి కోసం అడగడానికి వచ్చావని తెలుసు. నేను చెయ్యగలిగింది చేశాను."

"అడగడానికి కాదు దొరా. చూపించడానికి. జూనిపర్ వాగు దాకా ఒక్కసారి రండి. నేను నోటితో చెప్తే చెల్లదు గదా, మీరు కళ్ళతో చూడండి."

తెల్లవాడి మీద నల్లవాళ్ళ సాక్ష్యం ఆ రాష్ట్రంలో ఏ కోర్టులోనూ పనికిరాదు. చెయ్యి బైబిలు మీద పెట్టనే పెట్టనివ్వరు. ఆ సంగతి ఫెరిబీకి ఎవరూ విప్పి చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

స్క్వైర్ ముందుకు వంగాడు. "మంట సంగతా?"

"అవును దొరా."

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"మీతోనే."

"మంచి పని చేశావు." ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు.

పక్కనే బండిలో కూర్చున్న జిల్ఫా ఎవరిట్ మెడ చాచింది. కాలిన రేవు ఆవిడదే, బట్టీ ఆవిడదే, చేతులు కట్టేసి ఉన్న ఎనాక్ కూడా చట్టం ప్రకారం ఆవిడ సొత్తే. ఫెరిబీ మాత్రం వేరే యజమాని బానిస, ఈ ఏడాదికి ఆవిడ అద్దెకు తెచ్చుకున్న మనిషి. "ఎక్కడికే? పందులు దొరికాయా?"

"రెండు దొరికాయమ్మగారూ. మిగతావి ఏట్లోకి దిగినట్టున్నాయి. స్క్వైరు దొరగారికి దారి చూపించి వస్తాను."

"దారా? ఆయన పుట్టిందే ఈ అడవిలో." ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "సరే పో. కాలో చెయ్యో విరగ్గొట్టుకోకు. క్రిస్మస్ దాకా నీ ఎముకలకి నేను పూచీ."

*

ఫెరిబీ ముందు నడిచింది, గుర్రం మీద స్క్వైర్ వెనక. కాలిన అడవిలో పిట్ట కూత లేదు. గంటు పెట్టిన ప్రతి చెట్టూ, బంక కారిన చోటునుంచి మంట పట్టుకుని, బోదె లోపలికి కాలిపోయింది. కొన్ని ఇంకా పొగలుతున్నాయి. ఎక్కడో దూరంగా ఒకటి ఫెళ్ళున విరిగి పడింది. గుర్రం బెదిరింది.

"యుద్ధం వస్తుందా దొరా?" ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగేలా ఉంది ఆమెకు.

"వస్తుంది. ఎండాకాలం లోపే."

"వస్తే ఏమవుతుంది?"

"ఉత్తరాది ఓడలు వచ్చి, నది సముద్రంలో కలిసే మొగ మూసేస్తాయి. అప్పుడు తెప్పలు ఎక్కడికి పోతాయి? రైలు ఒక్కటే దిక్కు." ఆయన గొంతులో బెంగ లేదు. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పాడు.

వాగు దాటారు. అవతలి గట్టు ఎక్కగానే లోకం రంగు మారింది. నేలంతా ఇక్కడా నల్లగానే ఉంది, మంట దీని మీదుగానే పోయింది. కానీ చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. చూపు ఆనినంత మేరా ఒక్కటి కాలలేదు. ప్రతి చెట్టు మొదట్లోనూ మూడడుగుల మేర పాదులా గుండ్రంగా తెల్లటి ఇసుక. నల్లనేల మీద వేల తెల్ల చుట్లు.

స్క్వైర్ గుర్రం దిగాడు. "ఊఁ. పాదులు గీకారు. అందుకే బతికాయి. ఇందులో వింతేముందే?"

"వింత లేదు దొరా. ఏటా గీకేదే. ఎండుటాకు దంతెతో దూరంగా లాగేస్తే మంట చెట్టుకి అంటుకోదు. కానీ ఎప్పుడు గీకుతాం? గంట్లు పెట్టడం అయ్యాక, ఫిబ్రవరి సగంలో. పశువుల గడ్డి కోసం అడవికి నిప్పు పెట్టేది మార్చిలో. ఇప్పుడింకా జనవరి. ఈ కౌంటీలో ఇంకెవరూ దంతె బయటికే తియ్యలేదు. ఈ చెట్లు మటుకు ముందే గీకి ఉన్నాయి."

"మంట కనపడ్డాక గబగబా గీకి ఉండొచ్చు."

"నాలుగు వేల చెట్లు దొరా! పన్నెండుమందిమి తొమ్మిది రోజులు గీకాం."

ఆయన కళ్ళు ఆమె మీదికి తిరిగాయి. "గీకాం?"

"నేనూ ఉన్నాను. పోయిన ఏడు గిల్ మేస్త్రీ ముఠాలో అద్దెకున్నాను గదా. క్రిస్మస్‌కి పది రోజుల ముందు ఇక్కడికి తోలుకొచ్చాడు. 'ఇప్పుడెందుకయ్యా?' అంటే 'అడక్కు, గీకు' అన్నాడు. కొత్త సంవత్సరం రోజున కోర్టు మెట్ల దగ్గర అందర్నీ మళ్ళీ అద్దెకిచ్చారు. మిగతా పదకొండుమందినీ గిల్ జార్జియా తోలుకుపోయాడు. నన్ను మటుకు జిల్ఫా అమ్మగారు తీసుకున్నారు, మోకాలు నొప్పి గదా, అంత దూరం పనికిరానని గిల్ వదిలేశాడు."

"నువ్వు గీకానంటే కోర్టు వింటుందా?"

"వినదు. అందుకే ఇది చూడండి." ఫెరిబీ ఓ చెట్టు మొదట మోకాళ్ళ మీద కూర్చుంది. తెల్లటి ఇసుక మీద చిటికెన వేలంత పుల్లలు, సూదుల్లాంటి పచ్చి ఆకుల గుత్తులు చెదిరి ఉన్నాయి. "కొత్త సంవత్సరం నాడు మంచువాన పడింది, గుర్తుందా? కొమ్మల చివర్లన్నీ గడ్డకట్టి విరిగి రాలాయి. ఆ పుల్లలే ఇవి. చుట్టు బయట పడ్డవి కాలిపోయాయి. లోపల పడ్డవి ఇసుక మీద అలాగే ఉన్నాయి. మంచువాన తరవాత గీకి ఉంటే ఎండుటాకుతో పాటు ఇవీ దూరం పోయేవి గదా? ఇసుక ముందు, పుల్ల తరవాత. కొట్టు దగ్గరున్న మగాళ్ళలో ఎవర్ని పిలిచినా ఒక్క చూపులో చెప్తాడు. ఈ చెట్లవాడెవడో వాడికి మంట వస్తుందని నెల ముందే తెలుసు!"

స్క్వైర్ వంగి ఓ పుల్ల తీసి, వేళ్ళ మధ్య తిప్పి చూసి, కింద పడేశాడు.

"ఈ నేల ఎవరిదో తెలుసా నీకు?"

"కెప్టెన్ మ్యూజ్ దొరది." ఆమె గొంతు తగ్గించింది. "అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఆయన మీద నోరెత్తే ధైర్యం మీకొక్కరికే ఉంది."

"అవును," అన్నాడు స్క్వైర్. అని, నింపాదిగా కుడికాలు చాచి, బూటు అంచుతో ఆ ఇసుక మీది పుల్లలను నల్లటి బూడిదలోకి నెట్టాడు. ఒకసారి, రెండుసార్లు. చుట్టు శుభ్రమయ్యేదాకా. తరవాత పక్క చెట్టు దగ్గరికి నడిచాడు.

ఫెరిబీ మోకాళ్ళ మీదనుంచి లేవలేదు. మొదట అర్థం కాలేదు. మూడో చెట్టు దగ్గర ఆయన బూటు కదిలినప్పుడు అర్థమైంది.

"దొరా... చెట్లు మీవా?"

"నేల కెప్టెన్‌ది. చెట్లు నవంబరులో మూడేళ్ళకి నేను లీజుకు తీసుకున్నాను." ఆయన వెనక్కి తిరిగాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. "పన్నెండు మైళ్ళ అవతల, రైలు పట్టాల పక్కన, నాకో గిడ్డంగి ఉంది. రెండేళ్ళుగా పిచ్చికలు కాపురముంటున్నాయి. ఎందుకంటే నది ఉచితం. రేవు ఉన్నంతకాలం ఒక్క పీపా కూడా నా బండిదారి ఎక్కదు. ఇప్పుడు ఎక్కుతుంది. యుద్ధం ఎటూ ఆ నదిని మూసేసేదే, నేను కాస్త ముందు మూశాను. మనుషులెవరూ చావలేదు."

"ఎనాక్..."

"అదే చెప్తున్నాను, విను. నీ మాటకు విలువ లేదు, నా మాటకు ఉంది. వాణ్ణి ఉరి తియ్యొద్దు, అలబామాకు అమ్మెయ్యండి అని చెప్తాను. దూరమే, కానీ బతుకుతాడు. నువ్వు నోరు మూసుకుంటే వాడు బతుకుతాడు. తెరిస్తే రెండో తాడు కూడా ఉంది వాళ్ళ దగ్గర."

సుత్తి మోత ఇంత దూరం వినపడదు. అయినా ఆమెకు వినపడుతోంది.

"మాట తప్పరు గదా దొరా?"

"నేను మేజిస్ట్రేటుని."

*

కూడలికి తిరిగి వచ్చేసరికి దూలం బిగిసింది. దాని కింద గుగ్గిలం పీపా ఒకటి బోర్లించి, ఎనాక్‌ను పైకెక్కించారు. మెడలో తాడు. సోమవారం నుంచీ తిండి లేక దవడలు లోపలికి పోయాయి. అక్కను చూసి కళ్ళు దించుకున్నాడు.

కవాతు కుర్రాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. రెండువందలమంది ఉన్నారు, అందరూ అడవి మీద బతికేవాళ్ళే. చెట్లకు గంట్లు పెట్టేవాళ్ళు, బంక తోడేవాళ్ళు, పీపాలు కట్టేవాళ్ళు. రేవు పోయాక వచ్చే వారం పొయ్యిలో పిల్లిని ఎలా లేపాలో తెలియనివాళ్ళు. ఎవడో ఒకడు దీనికి జవాబు చెప్పాలి వాళ్ళకి.

స్క్వైర్ అరుగెక్కాడు. ఫెరిబీ బండి చక్రం పట్టుకుని నిలబడింది. అరచేతికి ఇనుప పట్టా చల్లగా తగిలింది.

"నేను వాగు దాకా పోయి చూసొచ్చాను," అన్నాడు స్క్వైర్ గట్టిగా. "మంట పెట్టింది వీడే. సందేహం లేదు."

ఫెరిబీ తల ఎత్తింది.

"అయినా క్రైస్తవులం. చంపే బదులు అలబామాకు అమ్మేద్దామని నా మనవి."

"అమ్మడమా?" కెప్టెన్ మ్యూజ్ ఉరిమాడు. ముప్ఫై ఏళ్ళవాడు, కొత్త యూనిఫారం ఇంకా భుజాల దగ్గర బిగుతు. "వీడే పెట్టాడని నువ్వే అంటున్నావు, మళ్ళీ నువ్వే వదలమంటావా స్క్వైర్? రేపు నా గాదె, ఎల్లుండి నీ గాదె! యుద్ధానికి మేం పోతే వెనక ఆడాళ్ళని ఎవడు కాపాడతాడు?"

గుంపు గర్జించింది. "తన్నండి పీపా!"

స్క్వైర్ రెండు చేతులూ చాచాడు, ఇక నా వల్ల కాదన్నట్టు. వెళ్ళి కుర్చీలో కూర్చుని, జేబులోంచి గడియారం తీసి టైము చూసుకున్నాడు. ఆయన మాట తప్పలేదు. చెప్తానన్నది చెప్పాడు. కానీ దోషి అని ముందు ముద్ర వేసి తరవాత దయ అడిగితే ఈ గుంపు ఏమంటుందో ముప్ఫై ఏళ్ళ మేజిస్ట్రేటుకు తెలియదా? ఆమె మౌనం కొనుక్కున్నాడు, ఎనాక్‌నూ చావుకు వదిలేశాడు.

"అక్కా," అన్నాడు ఎనాక్ పీపా మీదనుంచి, "ఇంటికి పో. చూడకు."

ఫెరిబీ చక్రం ఆకు మీద కాలు వేసి బండి ఎక్కింది.

"నాలుగు వేల చెట్లు!" అని అరిచింది. "జూనిపర్ వాగు అవతల నాలుగు వేల చెట్లు కాలలేదు! పాదులు గీకి ఉన్నాయి!"

మామూలు అరుపైతే ఎవరూ వినేవాళ్ళు కాదు. కానీ ఆ మాట వాళ్ళ వృత్తి మాట. ముందు వరసలో గడ్డం మనిషి ఒకడు తల తిప్పాడు. "జనవరిలో పాదులేంటే?"

"అదే అడుగుతున్నాను! క్రిస్మస్ ముందు గీకించారు. గీకిన ఇసుక మీద మంచువానకి విరిగిన పుల్లలు పడున్నాయి. పోయి చూడండి, అరగంట నడక. ఓ మూడు చెట్ల దగ్గర పుల్లలు ఇందాకే బూటుతో నెట్టేశారు. నాలుగు వేల చెట్ల దగ్గర నెట్టలేరు గదా!"

"దించండి దాన్ని!" స్క్వైర్ లేచాడు. ఇద్దరు బండి వైపు కదిలారు.

"ఆగండి." జిల్ఫా ఎవరిట్ కొరడా అడ్డం పెట్టింది. "ఇది నా బండి, అది నా పనిమనిషి. కాలింది నా బట్టీ. దాన్ని చెప్పనివ్వండి."

గడ్డం మనిషి నెమ్మదిగా కెప్టెన్ వైపు తిరిగాడు. "వాగు అవతల నేల నీది గదా లియాండర్?"

ఒక్కొక్కరే తిరిగారు. రెండువందల మొహాలు. కెప్టెన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేలే నాది! చెట్లు నావి కావు. నవంబరులోనే లీజుకిచ్చాను, ఇదిగో ఈ..." నోట్లో మాట అక్కడే ఆగిపోయింది. ఆయన చూపు అరుగు మీదికి పోయింది. చెయ్యి సగం లేచి దిగింది. ముప్ఫై ఏళ్ళుగా తన తండ్రి టోపీ తీసి పలకరించిన మనిషి పేరు అది.

"ఎవరికిచ్చావయ్యా?" ఎవరో వెనకనుంచి కేక వేశారు. "చెప్పు!"

కెప్టెన్ తల దించి యూనిఫారం గుండీ సర్దుకున్నాడు. సుత్తి పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టాడు. అరుగు మీద స్క్వైర్ కళ్ళు బండి మీది ఆడదాన్ని పట్టి ఉంచాయి. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆ చూపు ఇంకోసారి గుర్తు చేసింది.

ఫెరిబీ కుడిచెయ్యి తిన్నగా అరుగు వైపు చాచింది. దొర అనలేదు, గారు అనలేదు.

"హోసియా కిట్రెల్," అంది. "మంట పెట్టించింది హోసియా కిట్రెల్."